బోల్టన్ నుండి మెదకు వరకు: ఒక మిల్లుపట్టణపు వాస్తుశిల్పి కృషి

(మెదకు చర్చిని నిర్మించిన పనివారల స్మృత్యర్థము సంగారెడ్డిలో చేసిన ఉపన్యాసము)



స్మారకోపన్యాసములు లోకమున సామాన్యముగా పేరుప్రతిష్ఠలు గల ఒక్క వ్యక్తిని తలచుకొనుటకై ఏర్పడుచుండును. ఈ ఉపన్యాసము మాత్రము ఒక సమూహమును, అనగా నూరేండ్లకు పూర్వము మెదకు పట్టణమున ఆ మహోన్నతమైన చర్చిని రాతిపై రాయి పేర్చి నిలిపిన పనివారిని, వారికి సున్నము దంచి యిచ్చినవారిని, తట్టలు మోసినవారిని, వారిని నడిపించిన మేస్త్రీలను స్మరించుటకై ఏర్పడినది. వారి నైపుణ్యమును గూర్చి మాటాడుటకు నాకంటె అర్హులు ఈ సభలోనే కలరు. నేను ఈనాడు ఎన్నుకొన్నది ఆ పనివారి చేతికి అందిన నక్షా యొక్క రెండవ కొసను గూర్చిన ప్రసంగము. ఆ నక్షా లండను మహానగరమునుండి వచ్చినది కాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున లాంకషైరు సీమలో, పొగగొట్టముల నడుమ పెరిగిన బోల్టన్ అను నూలుమిల్లుల ఊరినుండి వచ్చినది. దానిని గీసిన కార్యాలయమును 1862లో నెలకొల్పినవాడు జోనాస్ జేమ్స్ బ్రాడ్‌షా. విక్టోరియా రాణి కాలమున, రాజధాని వైభవమున కాసపడక, ఒక్క పారిశ్రామిక పట్టణమును అంటిపెట్టుకొని వృత్తిని పెంపొందించిన ఇట్టివారి చరిత్రలో, పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొలిమేరలో బ్రదుకుచున్న మనము గ్రహింపవలసినది చాల కలదని నా దృఢవిశ్వాసము.

ముందుగా ఆ కాలమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఏ విధముగ చూచినను 1862 బోల్టనులో క్రొత్తగా కార్యాలయము తెరువదగిన సంవత్సరము కాదు. అంతకు ముందటి యేడు అమెరికాలో అంతర్యుద్ధము రేగి, దక్షిణ రాష్ట్రముల రేవులను ఉత్తరపు నౌకాదళము దిగ్బంధించుటచే, లాంకషైరు మిల్లులకు ప్రత్తి అందక కదురులు నిలిచిపోయెను. నిన్నటివరకు కూలి తెచ్చుకొని గౌరవముగా బ్రదికిన కుటుంబములు ధర్మపు గంజికై వరుసలో నిలువవలసి వచ్చెను. చరిత్రకారులు దీనికి ప్రత్తికరవని పేరు పెట్టిరి. బోల్టను సన్ననూలుకు ప్రసిద్ధి చెంది, దానికి ఈజిప్టు ప్రత్తిని వాడుచుండినందున పొరుగూళ్ళంతగా నలిగిపోలేదు గాని, ఆ దెబ్బ తగులని ఊరు ఆ సీమలో లేదు. దాని వేడి మన దక్కనుకును సోకినది. నైజాము రాజ్యమునుండి 1853లో కంపెనీవారి పాలనలోనికి పోయిన బీరారు నల్లరేగడి పొలములవైపు మాంచెస్టరు వర్తకుల చూపు మరలెను. ప్రత్తి ధర ఆకాశమునంటి, యుద్ధము ముగియగానే నేలగూలెను. ఇట్టి యేట ఇరువదియైదేండ్ల యువకుడు గీతబల్ల వేసికొని, ఇండ్లును మిల్లులును కట్టుటకు నక్షాలు గీసి యిత్తునని బోల్టను వీధిలో కూర్చుండెను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవారందురు. ఒకరి ఇల్లు కట్టుటయే కష్టమగుచో, ఊరివారందరి కట్టడముల భారము నెత్తికెత్తుకొనుటకు ఎంత గుండెబలము కావలెనో మీరే ఊహింపుడు.

ఆనాడు ఈ వృత్తిలో ప్రవేశించుటకు కళాశాల లేదు. పదునారు పదునేడేండ్ల పిల్లవానిని తండ్రి ఒక ఆర్కిటెక్టు వద్దకు తీసికొనిపోయి, రొక్కము చెల్లించి, కొన్నియేండ్ల శిష్యరికమునకు ఒప్పందము వ్రాయించును. ఆ పిల్లవాడు మొదట నక్షాలకు నకళ్ళు దించును, పిదప కొలత పట్టెతో గోడలవెంట తిరుగును, ఇటుకల లెక్కయు కలప లెక్కయు కట్టును. చివరకు గురువుగారు సరియని తలయూపిన నాడు తానును ఆర్కిటెక్టు అగును. బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ ఇన్‌స్టిట్యూటు 1834లోనే పుట్టినదిగాని, అందు చేరగోరువారికి పరీక్ష తప్పనిసరియైనది 1882లో మాత్రమే. ఆర్కిటెక్టులను చట్టప్రకారము నమోదు చేయు పద్ధతి ఆ దేశమున 1931 వరకు రాలేదు. మన దేశమున ఆర్కిటెక్టుల చట్టము వచ్చినది 1972లో. కావున బ్రాడ్‌షా వంటివానికి చేతిలో పట్టా లేదు, వెనుక ప్రభుత్వపు ముద్ర లేదు. ఉన్నదెల్ల ఊరిలోని మాటయే. కట్టిన గోడ నిలిచిన మాట నిలుచును. గోడ బీటవారినచో సంతలో ఎదురైన ప్రతివాడును అడుగును.

ఈ ఎదురుపడుటయను దానిని నేను అల్పముగ భావింపను. ఆ శతాబ్దమున ఉత్తరదేశమున పేరు గడించిన పలువురు ఆర్కిటెక్టులు ఊరు విడిచిపోయినవారే. మాంచెస్టరున వృత్తి ప్రారంభించిన ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌసు 1865లో లండనుకు తరలిపోయెను. మాంచెస్టరు వారి మహత్తరమైన టౌనుహాలును లండనునుండియే నడిపించెను. లీడ్సు టౌనుహాలును 1858 నాటికి పూర్తిచేసి దేశమంతటను మెప్పు పొందిన కత్‌బర్ట్ బ్రోడ్రిక్ కొంతకాలమునకు పారిసునకు పోయెను. వారి ప్రతిభను నేను తక్కువచేయుట లేదు. కాని వారు వెళ్ళిన పిదప ఆ ఊళ్ళకు బడి కట్టవలసినప్పుడు, ప్రార్థనామందిరమున కప్పు కారినప్పుడు, మిల్లునకు మరియొక అంతస్తు వేయవలసినప్పుడు దిక్కెవరు? అట్టి దిక్కుగా నిలిచినవారే ఊళ్ళను ఊళ్ళుగా నిలిపిరి. లాంకాస్టరున ఎడ్మండ్ షార్పు నెలకొల్పిన కార్యాలయమువారు, బ్రాడ్‌ఫర్డున లాక్‌వుడ్ మాసనులు, బోల్టనున ఈ బ్రాడ్‌షా ఆ కోవకు చెందినవారు.

ఇందుకొక చక్కని నిదర్శనము బోల్టను టౌనుహాలు. ముందు స్తంభపంక్తియు, పైన గడియారపు గోపురమును గల ఆ భవనమును లీడ్సునుండి వచ్చిన విలియం హిల్లు రచించెను. 1873లో యువరాజు వచ్చి దానిని తెరచెను. ఊరికంతటికి తలమానికమైన పని పరాయివానికి దక్కినప్పుడు, అప్పటికి పదునొకండేండ్లుగా అచ్చటనే కార్యాలయము నడుపుచున్నవానికి నొప్పి కలుగకుండునా? అయినను బ్రాడ్‌షా కార్యాలయము ఎచ్చటికిని పోలేదు. ఇంచుమించు అరువదేండ్లు గడచిన పిదప, 1930లలో, ఆ టౌనుహాలును వెనుకకు పెంచి, దాని కెదురుగా వంపు తిరిగిన ఒక వీధినంతటిని గ్రంథాలయముతో, చిత్రశాలతో, న్యాయస్థానముతో కూర్చి నిర్మించిన పని ఆ కార్యాలయమునకే వచ్చెను. అప్పటికి స్థాపకుడు లేడు. కాని ఊరు అడిగినప్పుడు అందుబాటున ఉండుట అను ధర్మమును ఆయన కార్యాలయమునకు అలవరచిపోయెను.

ఇక మిల్లును గూర్చి. సభలో ఫ్యాక్టరీలలో పనిచేయువారు చాలమంది కలరు గనుక ఈ విషయమున కొంత నిలిచి చెప్పుదును. నూలుమిల్లునకు ఆర్కిటెక్టు ఏల, నాలుగు గోడలు లేపి పైన కప్పు వేసిన చాలదా యని తోచవచ్చును. బోల్టను మిల్లులలో నడిచినది మ్యూలు అను యంత్రము. దానిని 1779లో కనిపెట్టిన శామ్యూల్ క్రాంప్టను ఆ ఊరివాడే. విక్టోరియా కాలపు చివరకు ఒక్కొక్క మ్యూలుకు వేయికి పైగా కదురులుండి, దాని పొడవు నూరడుగులు దాటుచుండెను. దాని బండి నేలపై అయిదడుగులు ముందుకు వచ్చి నూలు తీసి, వెనుకకు పోయి చుట్టును. కాబట్టి స్తంభమునకును స్తంభమునకును నడిమి దూరము అందమును బట్టి కాక ఆ బండి నడకను బట్టి నిర్ణయమగును. యంత్రము పొడవును బట్టి భవనపు వెడల్పు, వెడల్పును బట్టి కిటికీల ఎత్తు. ఏలయన గది నడుమ నిలిచి తెగిన పోగును ముడివేయు పిల్లవాని కంటికి పగటి వెలుతురు చేరవలెను. ఒక చివర ఆవిరి యంత్రపు గది. దాని మహాచక్రమునుండి ప్రతి అంతస్తునకు త్రాళ్ళపై శక్తి ఎక్కును. ఆ త్రాళ్ళు పోవు గోతిని అగ్ని ప్రాకకుండ మందపు గోడలతో మూయవలెను. మెట్లను వేరుగా ఒక గోపురమున ఉంచి, దాని నెత్తిన నీటితొట్టి పెట్టి, నిప్పంటుకొన్నచో దానంతట అదే నీరు చిమ్ము గొట్టములను ప్రతి కప్పునకును దింపవలెను.

ఈ జాగ్రత్తలన్నియు ప్రాణములు పోయిన పిదప నేర్చిన పాఠములు. చెక్కనేలలు యంత్రపు నూనె త్రాగి, గాలిలో దూది తేలుచుండగా, ఒక్క నిప్పురవ్వకు మిల్లు మిల్లంతయు భస్మమగుచుండెను. అందుచేత పదునెనిమిదవ శతాబ్దపు తుదినుండియే పోతయినుప స్తంభములు, దూలములు, నడుమ ఇటుక కమానులు వచ్చినవి. ష్రూస్‌బరీలో 1797లో కట్టిన నారమిల్లు ఈ పద్ధతికి ఆద్యము. కాని పోతయినుము బరువును మోయునుగాని వంగదు, వంగవలసినచోట తటాలున విరుగును. 1844లో ఓల్డామ్ వద్ద ఒక మిల్లు ఇట్లే కూలి పలువురు కార్మికులు మరణించిరి. ఫెయిర్‌బెయిర్ను అను ఇంజనీరు వెళ్ళి కారణము విచారించెను. బ్రాడ్‌షా తరమువారు ఈ దుర్ఘటనల కథలు వినుచు పెరిగినవారు. వారికి దూలపు మందమును లెక్కకట్టుట మానవప్రాణమునకు వెలకట్టుటతో సమానము. నాకు వారి భవనములపైని చెక్కడపు పూలకంటె ఈ లెక్కయే పూజ్యముగ తోచును.

ఆ కాలపు శాసనములును పట్టణపు ఆర్కిటెక్టు చేతికి పని కల్పించినవి. 1850 చట్టముతో పుర గ్రంథాలయములు, 1870 విద్యాచట్టముతో బోర్డు బడులు, 1875 ప్రజారోగ్యచట్టముతో మురుగుకాలువలు, ఇండ్లనడుమ సందుల కొలతలు వచ్చెను. వీనిని గూర్చి విస్తరింపను. ఒక్క మాట మాత్రము గుర్తింపదగినది: మిల్లు కట్టినవాడే బడియును, గ్రంథాలయమును, ప్రార్థనామందిరమును కట్టుచుండెను. మిల్లులో పదిగంటలు నిలిచినవాడు సాయంకాలమున ఏ వెలుతురులో చదువుకొనవలెనో, ఆదివారమున ఏ కప్పుక్రింద పాడవలెనో ఆ గీతబల్లయే నిర్ణయించెను.

బ్రాడ్‌షా మేనల్లుడైన జాన్ బ్రాడ్‌షా గాసు 1880ల తొలినాళ్ళలో భాగస్వామి యయ్యెను. 1902లో ఆర్థర్ జాన్ హోపు చేరెను. తరువాతి కాలమున ఆ సంస్థ బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అను పేరున ప్రసిద్ధికెక్కి నేటికిని బోల్టనుననే పనిచేయుచున్నది. మిల్లులతో వారికెంత అనుబంధమో మెథడిస్టు సంఘముతోను అంత అనుబంధము. జాన్ వెస్లీ పదునెనిమిదవ శతాబ్దమున ఆరంభించిన ఆ మతశాఖ బొగ్గుగనుల, నూలుమిల్లుల జనులలో లోతుగా వేరూనినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆ సంఘమువారు, చర్చి గడప త్రొక్కుటకు జంకు కార్మికుని ఆకర్షించుటకై, పైకి నాటకశాలవలె నుండి లోపల పాటకును ప్రసంగమునకును విశాలమైన సభాస్థలి గల మందిరములు కట్టసాగిరి. 1900లో బోల్టనున తెరచిన విక్టోరియా హాలు అట్టిది. దానిని ఎర్రయిటుకతో, కాల్చిన మట్టి చెక్కడములతో ఈ సంస్థయే నిర్మించినది. లండనులో సిటీ రోడ్డుమీద వెస్లీ మందిరమునకు చేరువను వెలసిన లీసియన్ మిషను భవనము కూడ 1904 నాటికి వీరిచేతనే పూర్తియైనది. ఊరు విడువనివానిని రాజధానియే వెదకికొనుచు వచ్చినదన్న మాట.

మెదకునకు దారి ఈ మెథడిస్టు బంధముననే ఉన్నది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతప్రచారకుడు 1895లో సికింద్రాబాదు చేరి, మరుసటి యేడు మెదకునకు వచ్చి స్థిరపడెను. ఆయన వెస్లియన్ మెథడిస్టు. తన సంఘమునకు తగిన మహామందిరము కట్టదలచినప్పుడు ఆ సంఘపు కట్టడములలో చేయి తిరిగిన బోల్టను సంస్థ నక్షాలు రచించుట సహజమే. పని 1914లో ప్రారంభమయ్యెను. వృద్ధుడైన జోనాస్ బ్రాడ్‌షా అంతకు రెండేండ్ల క్రిందటనే, 1912లో, గతించియుండెను. ఆయన చూడని భూమిలో, ఆయన చూడని రాతితో, ఆయన నెలకొల్పిన కార్యాలయపు గీతలు లేచి నిలిచినవి.

ఆ 1914 సంవత్సరముననే ఆ సంస్థ చేతిలో మరియొక మహానిర్మాణము ఉండినది. మాంచెస్టరు రాయల్ ఎక్స్‌చేంజి, అనగా ప్రపంచపు నూలు వర్తకమంతయు బేరమాడుకొను మండపము, చాలక విస్తరింపవలసి వచ్చెను. ఆ పనియు వీరిదే. 1921లో అయిదవ జార్జి రాజు వచ్చి ఆ విశాలశాలను తెరచెను. ఒకే కార్యాలయపు బల్లలపై ఒకవైపు లాంకషైరు సంపదకు సింహాసనము వంటి శాల నక్షాయు, మరియొకవైపు కరవుతో కృశించిన దక్కను పల్లెజనుల ఆరాధనాస్థలపు నక్షాయు పరచియుండిన ఆ దృశ్యమును నేను తలచుకొనకుండ ఉండలేను. ఏలయన ఆ శాలలో అమ్ముడుపోయిన మిల్లుబట్టయే మన నేతవాని మగ్గమును కూలద్రోసినది. గొల్లభామ చీరలు నేసిన సిద్దిపేట వీధులును, తెలుగుదేశమందలి ప్రతి సాలెవాడయును ఆ దెబ్బ తిన్నవే. 1931 సెప్టెంబరులో గాంధీ మహాత్ముడు బోల్టనునకు చేరువనున్న డార్వెన్‌నకు పోయి, విదేశవస్త్ర బహిష్కారమువలన పని పోయిన అచ్చటి కార్మికులను స్వయముగా కలిసికొని మాటాడెను; వారును ఆయనను ఆదరించిరి. బోల్టను శిల్పుల నేర్పును మెచ్చుకొనునప్పుడు ఈ ఋణపత్రమును కూడ ప్రక్కన పెట్టుకొని మెచ్చుకొనుట న్యాయము.

ఇక మన రాతిపనివారి యొద్దకు వత్తము. మెదకు చర్చి నిర్మాణకాలము కరవుకాలము. పొలములు ఎండిన ప్రజలకు పాస్నెట్ పని కల్పించి కూలికి తిండి యిచ్చెననుట ఈ ప్రాంతమున ముసలివారందరు తమ పెద్దలవలన విన్న కథయే. పదేండ్లు సాగిన ఆ పని ముగిసి 1924 డిసెంబరు 25న, క్రిస్మసు పండుగనాడు, మందిరము ప్రతిష్ఠితమయ్యెను. పొడవు రెండువందల అడుగులు, వెడల్పు నూరడుగులు, గోపురపు ఎత్తు నూట డెబ్బదియైదు అడుగులు. ఇంచుమించు అయిదువేలమంది ఒక్కసారి లోపల కూర్చుండవచ్చును. లోపల రంగుటద్దాల కిటికీలు కలవు. ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన వానిలో క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమరినవి. వెలుతురు బయటినుండి ప్రసరించినప్పుడే ఆ బొమ్మలు పలుకును; సూర్యుడు క్రుంకినచో నల్లని పలకలై నిలుచును.

నేను ఆ మందిరమునకు పోయినప్పుడెల్ల చూచునది ఆ కిటికీలకంటె ముందు స్తంభముల మొదళ్ళను. మీరును ఒకసారి వంగి చూడుడు. గోథిక్ శైలి పుట్టినది సున్నపురాతి దేశములలో. లాంకషైరువారికి కూడ అందుబాటులోనిది ఇసుకరాయి. మెత్తని ఆ రాతిలో ఉలి తీగవలె, ఆకువలె, దారమువలె నడుచును. మనది నల్లసేనపు గట్టిరాయి. ఉలి మొనను వెనుకకు త్రిప్పికొట్టు రాయి అది. దానిని దెబ్బ వెంబడి దెబ్బగా కొట్టి కొట్టి, కొలిమిలో ఉలిని మరల మరల కాచి పదును పెట్టుకొని, గీతకు సరిపోవునట్లు గుండ్రించవలెను. రెండు రాళ్ళు కలిసిన అతుకువద్ద వ్రేలితో తడవుడు. సున్నపు గచ్చు సన్నని రేఖగా తగులును. పెద్ద గోడకు అట్టి అతుకు కుదురవలెనన్నచో రాయి ఆరు ముఖములును మూలమట్టమునకు సరిపోవలెను. కాగితముపై ఒక్క వంపుగీత గీయుటకు బోల్టనున పట్టిన కాలమునకును, ఆ వంపును రాతియందు తెచ్చుటకు మెదకున పట్టిన కాలమునకును పోలికయే లేదు. నక్షాలోని సూక్ష్మమైన అల్లిక రాతికి లొంగనిచోట అలంకారము సరళమైనది. అట్లు సరళమగుటయే ఆ మందిరమునకు గాంభీర్యము నిచ్చినదని నేను అందును.

ఇట్లు మెచ్చుకొనుచున్నను ఒక విమర్శ చేయక తప్పదు. బోల్టనువారు మన దేశపు ఎండను, వడగాలిని, వసారా అవసరమును తమ వీధి మూలననున్న మిల్లును ఎరిగినట్లు ఎరుగరు. ఉత్తరదేశపు మసక వెలుతురును వెదకి పట్టుటకై పుట్టిన ఎత్తైన కిటికీలను మండుటెండల దేశమునకు అట్లే తెచ్చిరి. ఈ విషయమున డోర్నకల్ మహామందిరము భిన్నమైన దారి త్రొక్కినది. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పైన వేదనాయగం సామ్యూల్ అజరయ్య, మన దేవాలయపు స్తంభములను, మసీదు గుమ్మటమును క్రైస్తవారాధనకు కూర్చి, 1939 జనవరిలో దానిని ప్రతిష్ఠించెను. ఊరి భాష ఊరివారే ఎరుగుదురు అను సూత్రమునకు మెదకు చర్చి నక్షాలు గీసినవారు బోల్టనున నిలువెత్తు సాక్ష్యములు. మెదకులో మాత్రము వారు పరాయివారే. డోర్నకల్‌లో ఆ సూత్రము ఇంటివారి చేత నెరవేరినది. మెదకు గోపురము నాకు ఎంత ప్రియమైనను, శిల్పధర్మమున డోర్నకల్ మార్గమే ఉత్తమమని నా నిర్ణయము.

ఈ ఉపన్యాసమును సంగారెడ్డిలో ఏల చేయుచున్నానో ఇప్పుడు చెప్పుదును. నూటయేబది యేండ్ల క్రిందటి బోల్టను ఏ దశలో ఉండెనో, గడచిన యేబది అరువదేండ్లుగా మన సీమ ఆ దశలో ఉన్నది. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము వచ్చినది; 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చినది; 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడిన పిదప పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారములలో ఎకరముల కొలది భూమి షెడ్లతో నిండినది; ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, సదాశివపేటన టైర్ల ఫ్యాక్టరీ వచ్చినవి. జొన్నచేలు పోయినవి, నక్కవాగు నీరు రంగుమారినది, బీహారు ఒడిశాలనుండి బ్రదుకుతెరువుకై వచ్చినవారు ఇస్నాపురము సందులలో అద్దెగదులలో సర్దుకొని నివసించుచున్నారు. ఇంతటి నిర్మాణము జరిగినది గదా, ఈ కట్టడములను తన ఊరి కట్టడములుగా భావించి, ఉదయమున వాని ప్రక్కగా నడిచిపోవుచు, ఎదురైన కార్మికునకు జవాబు చెప్పుకొనుచు బ్రదికిన ఆర్కిటెక్టును మన సీమ ఎవరినైన పెంచుకొన్నదా? షెడ్డు నక్షా ఎక్కడనో గీయబడును, ఇనుప దూలములు లారీలపై వచ్చును, బోల్టులు బిగించి పోవుదురు. ప్రక్కన కార్మికుడుండు గదికి, అతని బిడ్డ చదువు బడికి, సాయంకాలము కూర్చుండు అరుగునకు నక్షా గీయువారు లేరు.

2025 జూన్ 30న పాశమైలారమున ఒక మందుల ఫ్యాక్టరీలో జరిగిన ప్రేలుడులో భవనము కూలి నలువదిమందికి పైగా మృతిచెందిరి. ఆ దుఃఖము ఈ సభలో కొందరి ఇండ్లలో ఇంకను ఆరలేదు. దాని కారణములు విచారించు అధికారము నాది కాదు. కాని ఓల్డామ్ మిల్లు కూలిన పిదప ఆ సీమ ఆర్కిటెక్టులు దూలపు లెక్కను తమ మానమర్యాదలకు సంబంధించినదానిగా తీసికొనిరి. మెట్ల గోపురమును వేరుచేసిరి, నీటితొట్టిని నెత్తిన పెట్టిరి, నిప్పు ప్రాకు దారిని గోడలతో అడ్డిరి. పని చేయువాడు ప్రాణముతో బయటపడు త్రోవను నక్షాలో మొదట గీయవలెనను నియమమునకై మనము ఇంకెన్ని యేండ్లు వేచియుండవలెను? మన ఇంజనీరులకు శాస్త్రము తెలియకపోలేదు. బోల్టనువారికి దొరకని గణనయంత్రములు వారి బల్లలపై కలవు. కొరవడినది ఊరితో బంధము, ఆ బంధమునుండి పుట్టు జవాబుదారీతనము.

ఆ లాంకషైరు మిల్లుల వైభవము శాశ్వతమైనదని నేను చెప్పబోను. రాయల్ ఎక్స్‌చేంజిలో నూలు వర్తకము 1968లో ఆగిపోయెను. 1976నుండి ఆ శాలలో నాటకములాడుచున్నారు. పలు మిల్లులు మూతపడినవి, కొన్ని గిడ్డంగులైనవి, కొన్ని ఇండ్లైనవి. అయినను పని ఆగిపోయిన పిదప కూడ నిలిచి, మరియొక పనికి పనికివచ్చునట్లు కట్టిరి. మన రేకు షెడ్లలో ఎన్ని నూరేండ్లు నిలిచి మన మునిమనుమలకు ఉపయోగపడును?

కావున నా విన్నపములు కొన్ని కలవు. ఫ్యాక్టరీ యజమానులారా, క్రొత్త కట్టడము తలపెట్టినప్పుడు ఈ జిల్లాలోనే నివసించు ఆర్కిటెక్టును పిలువుడు. యంత్రశాలతోపాటు కార్మికుల వసతికిని అతనిచేతనే నక్షా గీయింపుడు. కందిలోని ఐ.ఐ.టి. విద్యార్థులారా, మెదకు ఎంతో దూరము కాదు. కొలతపట్టె తీసికొనిపోయి ఆ చర్చిని గోడ గోడగా, అతుకు అతుకుగా కొలిచి నక్షాలు తయారుచేయుడు. శతవార్షికోత్సవము గడచిన ఆ కట్టడమునకు ఇంతకంటె మంచి కానుక లేదు. మెదకు, సంగారెడ్డి, సిద్దిపేట పల్లెలలో మా తాత ఆ గోపురము పనికి పోయినాడని, మా అవ్వ అక్కడ తట్ట మోసినదని ఇంటిలో చెప్పుకొనువారు ఎవరైన ఉన్నచో, వారి పేరును, ఊరును, చేసిన పనిని ఒక కాగితముపై వ్రాసి సంగారెడ్డిలోని జిల్లా గ్రంథాలయమునకు చేర్పుడు.